రెండు కాసుల లెక్క

పాఠ్యభాగములు: మార్కు 12:38–44, 1 రాజులు 17:8–16, 2 కొరింథీయులకు 8:1–21

(ఈ మూడు భాగములను ముందుగా నెమ్మదిగా చదివి, పిమ్మట పాఠము ఆరంభింపవలెను. చదువు రానివారికి చదువు వచ్చినవారు బిగ్గరగా చదివి వినిపింతురు గాక.)



మన పల్లె సంఘములలో కానుకలనుగూర్చి మాటలాడుట సుళువైన పని కాదు. అందులోను దూరదేశములలో దిక్కులేని తల్లులకు, ఆకలిగొన్న బిడ్డలకు మనము సహాయము చేయుదమని చెప్పినచో, “అయ్యగారూ, కూలికి పోయిన దినమున తిందుము, పోని దినమున పస్తుందుము. మాకే ఎవరైనను పెట్టవలసియుండగా, మేము ఇంకొకరికి పెట్టుట ఎట్లు?” అని అడుగువారు గలరు. ఇది పిసినారితనమునుండి పుట్టిన ప్రశ్న కాదు. పొయ్యి దగ్గర కూర్చుండి బియ్యపు డబ్బా అడుగు చూచుకొను తల్లి అడుగు ప్రశ్న. కాబట్టి దీనిని గద్దించి త్రోసివేయక, లేఖనములను ముందుంచుకొని న్యాయముగా ఉత్తరము వెదకుదము.

1. ప్రభువు కూర్చుండి చూచినది

మన ప్రభువు దేవాలయములో కానుకపెట్టె ఎదుట కూర్చుండెనని మార్కు వ్రాయుచున్నాడు. స్త్రీల ఆవరణములో బూరల వంటి మూతులు గల పెట్టెలు 13 ఉండెడివని యూదుల పాత గ్రంథములవలన తెలియుచున్నది. ధనవంతులు వేసిన నాణెములు ఆ మూతులలో పడునప్పుడు చప్పుడు బాగుగానే వినబడియుండును. అటుపిమ్మట ఒక బీద విధవరాలు వచ్చి రెండు కాసులు వేసెను. వాటికి చప్పుడెక్కడిది?

ఆ కాసు ఆ దేశములోని నాణెములన్నిటిలో చిన్నది. ఆనాడు ఒక దినకూలి ఒక దేనారము అని మత్తయి 20వ అధ్యాయములోని ద్రాక్షతోట ఉపమానమువలన ఎరుగుదుము. ఒక దేనారమునకు 128 కాసులు. అనగా ఆమె వేసినది దినకూలిలో 64వ వంతు. మన ఊరిలో దినకూలి 400 రూపాయలు అనుకొందము. దానిలో 64వ వంతు సుమారు 6 రూపాయలు. బస్సు స్టాండులో ఒక గ్లాసు టీ కూడ రాదు. అయినను ప్రభువు శిష్యులను దగ్గరకు పిలిచి, అందరికంటె ఈమె ఎక్కువ వేసినదని చెప్పెను.

ఇచ్చట మూడు సంగతులు గమనింపవలెను.

మొదటిది, ప్రభువు పెట్టెలో పడినదానిని మాత్రమే లెక్కింపలేదు. చేతిలో మిగిలినదానిని కూడ లెక్కించెను. లోకము మొదటి లెక్క వ్రాయును. పరలోకము రెండవ లెక్క కూడ వ్రాయును.

రెండవది, ఆమె చేతిలో ఉన్నవి రెండు కాసులు. ఒకటి వేసి ఒకటి దాచుకొనినను ఆమెను తప్పుపట్టువారు లేరు. ఇచ్చుటయా, దాచుకొనుటయా అని యోచింపగల స్వేచ్ఛ ఆమెకును ఉండెను. బీదవారికి ఆ స్వేచ్ఛ లేదనుకొనుట వారిని తక్కువ చేయుటయే.

మూడవది, దీనికి వెంటనే పైనున్న వచనములను మరువరాదు. విధవరాండ్ర ఇండ్లను మ్రింగివేయుచు, మాయవేషముతో దీర్ఘ ప్రార్థనలు చేయు శాస్త్రులనుగూర్చి ప్రభువు అప్పుడే హెచ్చరించియుండెను. ఆ మాట చెప్పి, ఆ తరువాతనే ఆయన ఈ విధవరాలిని చూపెను. కానుక వేయువారికి మెప్పు ఉన్నచోటనే, కానుకను కాచువారికి తీర్పును ఉన్నది. ఈ మాటకు మరల వత్తుము.

2. చిన్న నాణెము ఎందుకు?

మన దేశపు సోదరి తలంపునుండి పుట్టి లోకమంతట వ్యాపించిన ఒక కార్యమును ఇచ్చట చెప్పవలసియున్నది. 1956లో కొందరు క్రైస్తవ స్త్రీలు ఒక బృందముగా ఆసియా దేశములను దర్శింపబోయిరి. యుద్ధములవలన చితికిపోయిన ఆ దేశముల స్త్రీలతో సహవాసము చేయుట, సమాధానమునుగూర్చి వారితో కలిసి ప్రార్థించుట వారి ఉద్దేశము. ఆ బృందములో మన భారతదేశపు సోదరి శాంతి సొలొమోను ఒకరు. అందరును కొరియా వెళ్లవలసిన సమయము వచ్చినప్పుడు ఆమెకు మాత్రము ఆ దేశము ప్రవేశించుటకు అనుమతి దొరకలేదు. తక్కినవారు వెళ్లిరి. ఆమె ఫిలిప్పీను దీవులలో నిలిచిపోయెను.

అచ్చట ఆమె ఆలోచించినదేమనగా, మనుష్యులకు సరిహద్దులు అడ్డము వచ్చును గాని ప్రార్థనకు రావు. అయితే ప్రార్థన పెదవులమీదనే నిలిచిపోకుండ, దానితో కూడ ఏదైనను ఒక చిన్న గురుతు ఉండవలెను. కాబట్టి ఏ దేశపు స్త్రీ అయినను, ఇతరులకొరకు, సమాధానముకొరకు ప్రార్థించునప్పుడెల్లను, తన దేశములో అన్నిటికంటె చిన్నదైన నాణెము ఒకటి తీసి ప్రక్కన పెట్టవలెను. ఈ విధముగా అల్పనాణెపు సహవాసము అను కార్యము ఆరంభమాయెను. నేటికిని అనేక దేశముల క్రైస్తవ స్త్రీలు ఇందులో పాలుపొందుచున్నారు. కూడిన ధనము ఆయా దేశములలో స్త్రీలకు, పిల్లలకు మేలు చేయు పనులకు పంచబడుచున్నది.

చిన్న నాణెమే ఎందుకు? పెద్ద నోటు వేసినచో మేలు కాదా? ఇందులోని జ్ఞానమును చూడుడి. పెద్ద మొత్తము కోరినచో ధనవంతురాలు ముందు వరుసలోను, కూలి స్త్రీ వెనుక వరుసలోను నిలువవలసివచ్చును. అల్పనాణెము కోరినప్పుడు ఇద్దరును ఒకే వరుసలో నిలుతురు. ధనవంతురాలు అతిశయపడుటకు తావు లేదు, బీదరాలు సిగ్గుపడుటకు తావు లేదు. ఎంత వేసినావని అడుగువారుండరు. ఎన్నిమారులు ప్రార్థించితివన్నదే లెక్క.

మన దేశములో 25 పైసలును, అంతకంటె చిన్న నాణెములును 2011 జూన్ 30తో చెలామణి మానినవి. కావున మన చేతులలో నేడు ఆడుచున్న చిన్న నాణెము దాదాపుగా ఒక రూపాయియే. ఒక రూపాయి, ఒక ప్రార్థన. ఇది ఏ ఇంటికిని మించిన భారము కాదు.

3. మనకొరకు ఎవరో దాచిన కాసులు

“చిన్న కాసులతో ఏమగును?” అని అడుగువారికి, మన ప్రాంతములనే చూపవచ్చును.

1869 మార్చి నెలలో అమెరికాలోని బోస్టను పట్టణములో గాలివాన దినమున, ఒక మెథడిస్టు దేవాలయములో కొద్దిమంది స్త్రీలు కూడిరి. పదిమంది కూడ లేరు. భారతదేశములో మిషనరీల భార్యలుగా ఉండి వచ్చిన ఇద్దరు సోదరీలు ఇచ్చటి స్త్రీల స్థితిని వారికి వివరించిరి. పరదాల మాటున ఉన్న స్త్రీలు పురుష వైద్యునికి చేయి చూపుటకు కూడ వీలులేక చనిపోవుచున్నారని వారు చెప్పిరి. విన్నవారు ఒక సమాజముగా ఏర్పడి, సభ్యురాలు ప్రతివారము రెండు సెంట్లు ఇచ్చి ఒక ప్రార్థన చేయవలెనను పద్ధతిని వ్యాపింపజేసిరి. సెంటు వారి దేశమున అల్పనాణెము. ఆ సంవత్సరాంతముననే వారు ఇద్దరు స్త్రీలను మన దేశమునకు పంపిరి. ఒకరు క్లారా స్వెయిను అను వైద్యురాలు. ఆమె బరేలీ పట్టణములో పని ఆరంభించెను, 1874లో అచ్చట స్త్రీలకు ఆసుపత్రి తెరువబడెను. రెండవ ఆమె ఇసబెల్లా థోబర్ను. లక్నోలో బజారు వీధిలో గుప్పెడుమంది బాలికలతో ఆమె పెట్టిన బడి స్త్రీల కళాశాలగా పెరిగినది.

ఇక మన తెలుగు నేలకు రండి. 1883లో అన్నా కుగ్లరు అను లూథరను వైద్యురాలు గుంటూరు వచ్చిరి. మొదట చిన్న వైద్యశాల, పిమ్మట 1898లో స్త్రీలకును పిల్లలకును ఆసుపత్రి ఏర్పడెను. ఆమె 1930లో మరణించువరకు ఈ ప్రాంతపు తల్లులకొరకే బ్రదికెను. ఆ ఆసుపత్రి గోడలు ఎవరి ధనముతో లేచినవి? సముద్రమునకు ఆవలనున్న లూథరను స్త్రీల సమాజములు కూర్చిన కానుకలతో. ఆ సమాజములలో చేరినవారు మన ఊరి పేరు పలుకుట కూడ రానివారు. మన అవ్వల ముఖములు వారు ఎన్నడును చూడలేదు.

ఆ దినములలో వారిలో ఒకతె, “మా ఊరిలోనే బీదలున్నారు, గుంటూరు తల్లితో మాకేమి?” అని తన సెంటును దాచుకొనియుండవచ్చును. అట్లు దాచుకొనక వేసినవారు ఉన్నందున మన తెలుగు తల్లులలో అనేకులు ప్రాణముతో ప్రసవించిరి. కాబట్టి సహోదరులారా, మనము కొత్త దానము చేయబోవుటలేదు. పాత అప్పు తీర్చబోవుచున్నాము. అప్పిచ్చినవారు తిరిగి కోరలేదు గనుక, ఆ అప్పును ముందున్న బిడ్డకు తీర్చవలెను.

ఇంకొక దృష్టాంతము. ఈశాన్యమున కొండలలోనున్న మిజోరాములో 1910లో క్రైస్తవ స్త్రీలు ఒక నియమము చేసికొనిరి. అన్నము వండు ప్రతి పర్యాయము ఒక పిడికెడు బియ్యము తీసి దేవుని పనికి వేరుగా ఉంచవలెను. వారు ధనవంతులు కారు. కొండ వాలులలో పోడు కొట్టి పండించుకొనువారు. ఆ పిమ్మట రెండేండ్లలోపలనే వెదురు పూచి, ఎలుకలు ప్రబలి, పంటలు పోయి ఆ దేశమున కరవు వచ్చెను. అయినను ఆ పిడికిలి మూసుకొనలేదు. ఇప్పటికిని ఆ నియమము నడుచుచున్నది. ఆ పిడికెడు బియ్యమువలన వారి సంఘములకు ఏటేట కోట్ల రూపాయలు చేరుచున్నవి. పిడికెడు బియ్యము మన తెలుగు సంఘముల స్త్రీలకును తెలియనిది కాదు. కొన్ని ఇండ్లలో ఆ డబ్బా ఇంకను ఉన్నది. కొన్ని ఇండ్లలో ఖాళీగా అటకమీద ఉన్నది.

4. దూరపు తల్లి, దూరపు బిడ్డ

మన దగ్గరి బీదలుండగా దూరమునకు ఎందుకు పంపవలెను? దగ్గరివారిని విడువుమని ఎవరును చెప్పుటలేదు. అయితే లేఖనములు మనలను ఎక్కడికి నడిపించుచున్నవో చూడుడి. సారెపతు విధవరాలు ఇశ్రాయేలీయురాలు కాదు, సీదోను దేశస్థురాలు. ఆమెకు తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెము నూనె మాత్రము ఉండెను. తానును తన బిడ్డయు తిని చావవలెనని రెండు పుల్లలు ఏరుకొనుచుండెను. ఆమె ఒక పరదేశియైన ప్రవక్తకు మొదట ఒక చిన్న అప్పము చేసి పెట్టెను. ఆమె సహాయము పొందవలసినదే. అయినను ఇచ్చినదియు ఆమెయే. దేవుడు ఆమెను చేయి చాచునదిగా మాత్రమే చూడలేదు, పెట్టు చేయిగా కూడ చూచెను.

అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయములో, కరవు రాబోవుచున్నదని అగబు చెప్పగా, అంతియొకయ శిష్యులు ప్రతివాడును తన శక్తికొలది యూదయలోని సహోదరులకు పంపిరి. యూదయవారిని చూడనివారు వారిలో ఎందరో ఉండిరి. మాసిదోనియవారు నిరుపేదలైయుండి, ఈ పరిచర్యలో మాకును పాలు ఇయ్యుడని పౌలును వేడుకొనిరి. ఇచ్చుట తమకు దొరికిన భాగ్యమని వారు ఎంచుకొనిరి.

నేటి లోకములో ఆ దూరపు తల్లి ఎవరు? 2023వ సంవత్సరమున గర్భముతోనో ప్రసవముతోనో చనిపోయిన స్త్రీలు లోకమంతట సుమారు 2,60,000 మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వీరిలో నూటికి 90 మందికి పైగా బీద దేశములవారే. 2022లో అయిదేండ్లు నిండకమునుపే మరణించిన పిల్లలు సుమారు 49 లక్షలు. అయితే నిరాశపడకుడి. 1990లో అట్లు చనిపోయిన పిల్లలు కోటి 20 లక్షలకు పైగా ఉండిరి. చావులు సగముకంటె ఎక్కువ తగ్గినవి. తగ్గించినవి చాలమట్టుకు చిన్న వెలగల వస్తువులే: టీకాలు, దోమతెరలు, శుభ్రమైన నీరు, చదువుకొనిన మంత్రసాని చేయి.

ఒక్కదానిని వివరముగా చూతము. 1971లో తూర్పు బెంగాలునుండి లక్షలాది ప్రజలు యుద్ధమునకు వెరచి మన దేశమునకు పారివచ్చిరి. బనగాము శిబిరములో కలరా వ్యాపించెను. రోగులకు నరములలోనికి ఎక్కించు సెలైను అయిపోవచ్చెను. అప్పుడు డాక్టరు దిలీపు మహలనోబిసు ఉప్పు, గ్లూకోజు తగిన పాళ్లలో నీటిలో కలిపి, తల్లులు బంధువులే గ్లాసులతో త్రాగించునట్లు ఏర్పాటు చేసెను. అంతకుముందు నూటికి 30 మంది వరకు చనిపోవుచుండిన చోట, చావులు నూటికి 4కు లోపుగా దిగెను. మన ఆరోగ్య కార్యకర్త ఇచ్చు ఓ.ఆర్.యస్. పొట్లము ఇదియే. కొద్ది రూపాయల వెల. విరేచనములతో కన్నులు లోతుకు పోయిన బిడ్డను అది తల్లికి తిరిగి ఇచ్చును. ఇక చిన్న కాసుతో ఏమగునని అడుగవద్దు.

మరియొక సంగతి తల్లులు ముఖ్యముగా వినవలెను. ఐతియోపియ దేశపు మారుమూల పల్లెలలో ప్రసవవేదన కొన్ని దినములు సాగి, సహాయము లేక బిడ్డ గర్భములోనే చనిపోవుటయు, తల్లి శరీరములోపల గాయమై రంధ్రము పడి, మూత్రము ఆపుకొనలేని స్థితి కలుగుటయు గలదు. వాసనకు భర్త విడిచిపెట్టును, ఊరివారు దూరముంచుదురు. మార్కు 5వ అధ్యాయములో పండ్రెండేండ్లు రక్తస్రావముతో బాధపడి, జనసమూహములో దాగికొని వచ్చిన స్త్రీని తలంచుకొనుడి. రెజినాల్డు హ్యామ్లిను, కాథరీను హ్యామ్లిను అను క్రైస్తవ వైద్య దంపతులు 1959లో ఆస్ట్రేలియానుండి ఆ దేశము వెళ్లిరి. ఇట్టి స్త్రీలకొరకే 1974లో అడ్డిస్ అబాబా పట్టణములో ఒక ఆసుపత్రి స్థాపించిరి. చికిత్సకు వెల లేదు. దూరదేశముల సామాన్యులు పంపిన కానుకలు దానిని నిలిపినవి. ఇంతవరకు 60,000 మందికి పైగా స్త్రీలు అచ్చట వైద్యము పొందిరి. 2007లో పల్లెలకు మంత్రసానులను తరిఫీదు చేయు కళాశాలయు తెరచిరి. కాథరీను 2020లో మరణించువరకు ఆ దేశము విడువలేదు.

హ్యామ్లిను దంపతులయొద్దకు రోగిగా వచ్చినవారిలో మామిటు గాషే అను పల్లె యువతి కథ మనకు మిక్కిలి అవసరము. ఆమె చదువు రానిది. స్వస్థత పొందిన పిమ్మట హ్యామ్లిను దంపతులయొద్దనే నిలిచి, మొదట చిన్న పనులు, తరువాత శస్త్రచికిత్సయే నేర్చుకొని, తనవంటి స్త్రీలను స్వస్థపరచినదిగా పేరుపొందెను. సారెపతు విధవరాలివలె, తీసికొనిన చేయి పెట్టు చేయి ఆయెను. దానము యొక్క మంచి అంతము ఇదియే.

5. సంచి మోయువారికి హెచ్చరిక

విధవరాండ్ర ఇండ్లను మ్రింగువారినిగూర్చిన ప్రభువు మాటకు మరల వత్తుమని చెప్పితిమి. చిన్న కాసు పెద్ద కాసుకంటె పరిశుద్ధముగా కాపాడవలసినది. ఏలయనగా దానిలో ఒకరి పూట ఆహారము ఉన్నది. పౌలు యెరూషలేము బీదలకు చందా పంపునప్పుడు తానొక్కడే మోసికొనిపోలేదు. సంఘములు ఏర్పరచిన మనుష్యులను వెంట పంపెను. ప్రభువు దృష్టియందు మాత్రమే కాదు, మనుష్యుల దృష్టియందును యోగ్యముగా ఉండవలెనని అతడు ఎంచెను (2 కొరింథీ. 8:20, 21). అపొస్తలుడే లెక్క చూపవలసియుండగా, కాపరియు పెద్దలును చూపకుండుట ఎట్లు?

కాబట్టి సంఘములో ఏ ప్రత్యేక కానుకయైనను ఇద్దరికి తక్కువ కాకుండ లెక్కింపవలెను. పుస్తకములో వ్రాయవలెను. ఏ పనికి పంపినది, ఎంత పంపినది, చేరినదని చీటి వచ్చినదా అని ఆరాధనలో చదివి వినిపింపవలెను. అడుగువారిని అవిశ్వాసులని అనరాదు. అడుగుట వారి హక్కు, చెప్పుట మన విధి.

మరియు మూడు మాటలు. ఏడ్చు బిడ్డ బొమ్మ చూపి సెల్‌ఫోనులో డబ్బు అడుగు ప్రతివానికి పంపకుడి. మన సంఘము ఎరిగిన మార్గమున, స్త్రీల మైత్రి ద్వారా గాని సభ ద్వారా గాని పంపుడి. బిడ్డల దుఃఖమును బజారున పెట్టి చందా వసూలు చేయుట ఆ బిడ్డల మానమును అమ్ముటయే.

రెండవది, అనాథ శరణాలయములలోనున్న పిల్లలలో అనేకులకు తల్లియో తండ్రియో బ్రదికియున్నారని అనేక దేశములలో కనుగొనిరి. కేవలము పేదరికమువలన వారు తల్లినుండి వేరుచేయబడిరి. తల్లికి ఒక కుట్టుమిషనో రెండు మేకలో దొరికినచో ఆ బిడ్డ తల్లి ప్రక్కనే నిద్రించును. బిడ్డను తల్లియొద్దనే నిలుపు పనికి మన కాసు పోవుచున్నదా అని విచారింపుడి.

మూడవది, ఈ కానుకకు బదులుగా దేవుడు మీకు నూరంతలు ధనమిచ్చునని ఎవరైనను చెప్పినచో నమ్మకుడి. ఆ విధవరాలికి తరువాత ఏమి దొరికెనో మార్కు వ్రాయలేదు. ఆమె వ్యాపారము చేయలేదు, ప్రేమించెను. అప్పు తెచ్చి కానుక వేయరాదు. వడ్డీకి తెచ్చిన రూపాయి కానుక కాదు, ఇంకొక ఉరి. ఒకనికి కలిగినదానినిబట్టియే అది ప్రీతికరమగును గాని లేనిదానినిబట్టి కాదని పౌలు నేర్పుచున్నాడు. నిజముగా పస్తున్న ఇల్లు ఈ నెల ఏమియు వేయకున్నను, ప్రార్థన వేయవచ్చును. ఆ ఇంటికి సంఘమే పెట్టవలెను.

6. మన ఇంటిలో చేయదగినది

ఒక చిన్న డబ్బా తీసికొని మూతకు చీలిక చేయుడి. పొయ్యి దగ్గరనో, బైబిలు ఉంచు గూటిలోనో పెట్టుడి. వారమునకొక దినము ఏర్పరచుకొనుడి. వారము మొదటి దినమున ప్రతివాడును తన వర్ధిల్లుకొలది తనయొద్ద నిలువచేయవలెనని పౌలు కొరింథీయులకు నేర్పిన క్రమమును మరువకుడి (1 కొరింథీ. 16:2). ఒక్కమారు పొంగి పదివేలు వేసి ఏడాదంతయు మరచుటకంటె, వారము వారము ఒక రూపాయితో ఒక పేరు చెప్పి ప్రార్థించుట హృదయమును పెంచును. ఒక వారము ఐతియోపియ తల్లికొరకు, ఒక వారము యుద్ధ దేశపు బిడ్డకొరకు, ఒక వారము మన వీధి చివరనున్న విధవరాలికొరకు.

రూపాయిని పిల్లల చేత వేయించుడి. ఆ దేశము ఎక్కడనున్నదో వారు బడి పటములో వెదకుదురు గాక. చేనులో మరచిన పనను, ఒలీవ చెట్టున మిగిలిన పండ్లను పరదేశికి, తండ్రిలేనివారికి, విధవరాలికి విడువుమని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము ఆజ్ఞాపించినది. చేను లేని మనకు ఆ డబ్బాయే చేనిగట్టు.

ఒక సంఘములో 50 ఇండ్లు ఉన్నవనుకొందము. వారమునకు ఇంటికి ఒక రూపాయి. ఏడాదికి 52 వారములు. 2,600 రూపాయలు. మనము ఎవరి ముందును గొప్ప చెప్పుకొనలేని మొత్తము. అయితే ఎందరో బిడ్డలకు ప్రాణపు పొట్లములు దానిలో ఉన్నవి. మరియు 2,600 ప్రార్థనలు దానిలో ఉన్నవి. అట్టి సంఘమును ఇకమీదట ఎవరును చేయి చాచు సంఘమని పిలువలేరు.

“మేమే బీదలము, మేము పెట్టుట ఎట్లు?” అను ప్రశ్నకు ఉత్తరమిది: బీదవారము గనుకనే మనము పెట్టగలము. ఆకలి ఎట్టిదో, బిడ్డ జ్వరముతో కాలుచుండగా చేతిలో డబ్బు లేకుండుట ఎట్టిదో ఎరిగినవారి రూపాయికి, ఎరుగనివారి వెయ్యికంటె ఎక్కువ అర్థము గలదు. ప్రభువు నేటికిని కానుకపెట్టె ఎదుట కూర్చుండియున్నాడు. ఆయనకు చప్పుడు అక్కరలేదు.

కూటములో మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. విధవరాలినిగూర్చిన మాటకు ముందు శాస్త్రులనుగూర్చిన హెచ్చరిక ఎందుకు వచ్చినది? మన సంఘపు లెక్కలకు దానివలన ఏమి నేర్చుకొందుము?

2. సారెపతు విధవరాలు పొందినదేమి, ఇచ్చినదేమి? మన ఊరిలో “పుచ్చుకొనువారు” అని మనము పేరుపెట్టినవారు ఏమి ఇయ్యగలరు?

3. మన కుటుంబములో ఎవరికైనను దూరపువారి కానుకలతో నడిచిన ఆసుపత్రి, బడి, హాస్టలు మేలు చేసినవా? పెద్దలు పిల్లలకు చెప్పుదురు గాక.

4. మన సంఘములో పిడికెడు బియ్యపు డబ్బాలు ఎన్ని ఇండ్లలో ఉన్నవి? మరల ఆరంభించుటకు అడ్డమేమి?

ప్రార్థన

దయగల తండ్రీ, మా చేతులు చిన్నవి, మా డబ్బాలు చిన్నవి. మేము ముఖము చూడని తల్లులను నీవు పేరుపేరున ఎరుగుదువు. ఈ రాత్రి జ్వరముతోను ఆకలితోను ఉన్న బిడ్డలను కాపాడుము. మాకొరకు ఒకప్పుడు తమ కాసులు దాచిన వారినిబట్టి నీకు వందనములు. లెక్కలు చూచు మా చేతులను శుద్ధిగా ఉంచుము. ఇచ్చుటలో గర్వమును, ఇయ్యలేకపోవుటలో సిగ్గును మానుండి తొలగించుము. ధనవంతుడైయుండి మా నిమిత్తము దరిద్రుడైన నీ కుమారుడు యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.